వెనక వరస బోనులు

ఒక పెద్ద అడవిలో (కాస్త ముందుకు జరగండి తల్లీ, వెనకవాళ్లకీ వినబడాలి) నాగభూషణం అనే నక్క కుక్కపిల్లల వ్యాపారం పెట్టింది. సింహంగారి ఇల్లాలు మూతి నొక్కుకుపోయిన బుల్లి కుక్కపిల్లను ఒకదాన్ని చంకలో పెట్టుకుని తిరిగిందట. ఇంకేం! జింకకీ అదే కావాలి, కోతికీ అదే కావాలి.

నక్క ముందు వరసలో ఒకే బోను పెట్టి, పట్టు పరుపు వేసి, ఒక పిల్లను కూర్చోబెట్టింది. వెనక వరసలో, వెలుతురు సోకని బోనుల్లో, తెరిపి లేకుండా ఈతలు ఈనే తల్లులు. తలుపు మూస్తే చాలు, బయటి గొళ్లెం దానంతటదే పడేది.

వాటిలో గౌరి ఒకటి. దాని బిడ్డ చిట్టికి మూతి మరీ నొక్కుకుపోయి ఊపిరాడదు.

“అయ్యా, బిడ్డను కాసేపు గాలికి తిప్పుకొస్తాను.”

“గాలా? మూతి ఎంత తక్కువైతే అంత గిరాకీ! నోర్మూసుకుని పడుకో. మళ్లీ ఈతకి రావాలి నువ్వు.”

తనిఖీకి ఎలుగుబంటి గారు వచ్చేవారు. మహా భక్తులు. ముందు బోను ఎదుట కళ్లు మూసుకుని, దణ్ణం పెట్టి, తేనె ప్రసాదం పుచ్చుకుని, “అంతా సుఖమే” అని వెళ్లిపోయేవారు. నేనూ రోజూ దణ్ణం పెట్టేవాణ్ణే. కానీ కళ్లిచ్చిన స్వామి, అవి ఇలా మూసుకుంటే సంతోషిస్తాడంటారా?

ఒక మధ్యాహ్నం చిరుత వచ్చింది.

“మొరగండ్రా!” అని నక్క అరిచింది. పిల్లలన్నీ నోళ్లు తెరిచాయి. గుర్రు... గుర్రు... అంతే! ఊపిరికే చాలని ముక్కులాయె, మొరగడానికేం మిగులుతుంది?

నక్క వెనక్కి పరిగెత్తి గౌరి బోను తెరిచింది. “వెళ్లు, దాని నోటికి నువ్వెళ్లు!” అని తల్లీబిడ్డల్ని బయటికి గెంటి, తాను లోపల దూరి తలుపు లాక్కుంది. ఠక్కున గొళ్లెం పడింది.

గౌరి బిడ్డకు అడ్డం నిలబడి మొరిగింది చూడండీ! అన్నేళ్లూ మింగిన అరుపంతా ఒక్కసారే బయటికొచ్చింది. చిరుత తోక ముడిచింది.

ఆ తర్వాత గౌరి మూతితో ఒక్కొక్క గొళ్లెమే ఎత్తింది. తల్లులూ పిల్లలూ బయటపడ్డారు.

“నాదీ తియ్యవే, మా తల్లివి కదూ!”

“కంగారెందుకయ్యా? రేపు తనిఖీ ఉందిగా. ఎలుగుబంటి గారు చూసుకుంటారు.”

చిట్టిని నోట కరుచుకుని గౌరి కొండగాలి వచ్చేవైపు నడిచింది.

మర్నాడు ఎలుగుబంటి గారు ఖాళీ పరుపు ముందు కళ్లు మూసుకున్నారు. “ఆహా, ఎంత ప్రశాంతంగా ఉందీ!” తేనె తామే వడ్డించుకున్నారు.

“అయ్యా! నేనిక్కడున్నా! వెనక వరసలో!”

“వెనక వరస చూడటం మా ఆచారం కాదు నాయనా,” అని మూతి తుడుచుకుని వెళ్లిపోయారు.

కనుక తల్లులారా, తండ్రులారా, బోనులు చేయించేవాళ్లు లోపలివైపు కూడా ఒక గొళ్లెం పెట్టించుకోవాలి.