నా భుజాల మీది నక్క

జంతువుల ప్రాణం తీసి మనిషి ఒళ్లు వెచ్చబెట్టుకునే అనాగరిక యుగం వచ్చే నెల మొదటి శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ముగుస్తుందని మా మంత్రిగారు ప్రకటించారు. ఆ వాక్యం రాసింది నేనే. మంత్రిగారి ఉపన్యాసాలన్నీ నేనే రాస్తాను. ఆయన నమ్మకాలు ఆయనకు సాధారణంగా ముందు రోజు సాయంత్రం టైపు చేసి అందుతాయి.

ఆ రోజు జరిగే సభలో ఒక పౌరుడు తన ఫర్ కోటును అందరి ముందూ విప్పి, ఇకపై తొడగనని ప్రమాణం చెయ్యాలి.

"మొదటివాడు మన ఆఫీసు మనిషైతే హుందాగా ఉంటుంది," అన్నారు మంత్రిగారు, కొక్కేనికి వేలాడుతున్న నా కోటు కేసి చూస్తూ. "నీది నక్క తోలే కదయ్యా?"

"అవునండి. మా నాన్నగారిది."

"వేసుకుంటే బాధగా ఉంటుందా?"

"ఇరవై ఏళ్ల నుంచీ ఉంటోందండి."

"మంచిది. సభ దాకా అలాగే ఉంచు."

ఉంచడానికి నేను పెద్దగా కష్టపడనక్కర్లేదు. నాన్న పోయాక ఆ కోటు నాకొచ్చింది, దాంతోపాటు ఆ నక్క కూడా వచ్చింది. చలికాలంలో రోజూ పొద్దున్నే కోటు తొడుక్కుని, అద్దం ముందు ఆగి, కాసేపు సిగ్గుపడి, ఆ తర్వాత బస్సెక్కేవాణ్ణి. ఆఫీసులో మిగతావాళ్లు ఊరికే వణికేవాళ్లు. నా వణుకులో ఒక ఆలోచన ఉండేది. నిజం చెప్పాలంటే నాకున్న మంచి గుణం అదొక్కటే. దాన్ని నలుగురిలో చూపించుకునే రోజు వచ్చింది.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను.

"మరి చలికేం వేసుకుంటారు?"

"అంతరాత్మ ఉన్నవాణ్ణి చలి ఏం చేస్తుంది?"

"అంతరాత్మకి జేబుల్లేవు కదండీ. తాళంచెవి ఎక్కడ పెట్టుకుంటారు?"

నకిలీ ఫర్ విప్పేసి అసలు త్యాగం చేసినట్టు పేరు కొట్టేసే మోసగాళ్లు కూడా లోకంలో ఉంటారు. అందుకని, విడిచే ప్రతి కోటునూ ముందు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధన పెట్టాం. అదీ నేనే రాశాను. 'పరీక్ష' అన్న మాట కింద రెండు గీతలు గీశాను.

పరీక్ష చెయ్యడానికి ఊళ్లో ఫర్ కోట్లు కుట్టే ఆఖరి మనిషిని పిలిపించాం. మెడలో టేపుతో ఒక పెద్దావిడ వచ్చింది. నా కోటు కాలర్ నుంచి ఒక వెంట్రుక పీకి లైటర్ వెలిగించింది. అసలు ఫర్ అయితే బూడిదై రాలిపోవాలట. నాది ముడుచుకుని చిన్న నల్లపూసలా గట్టిపడింది. గదిలో ప్లాస్టిక్ బకెట్ కాలిన వాసన వేసింది.

"నైలాన్," అందావిడ.

"మరి నక్క?"

"నక్క దీన్ని దూరం నుంచి కూడా చూసుండదు బాబూ."

"లోపలి వెంట్రుక ఒకటి చూడండమ్మా."

"ఎన్ని పీకినా ఇంతే. మీ నాన్నగారు తెలివైనవారు. వానలో తడిసినా పాడవదు."

ఒక నక్క బతికిపోయిందని తెలిస్తే మనిషన్నవాడు సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది.

మంత్రిగారు మాత్రం చలించలేదు. "బ్యానర్లు కట్టేశారు. వాయిదా కుదరదు. అసలుది ఒకటి కుట్టి ఇవ్వగలవా అమ్మా?"

"మీ ప్రకటన విని కుట్టడం మానేశాను సార్. తోళ్లు కొత్తగా తెప్పించాలి. పన్నెండు నక్కలు పడతాయి."

"పడనీ. వాటి మేలు కోసమే కదా. ఇతని కొలతలు తీసుకో."

"చేతులెత్తండి బాబూ," అందావిడ. ఎత్తాను. అది నాకు చాలా సులువుగా వచ్చింది.

ఇంట్లో విషయం చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఏటా ఉతికేది నేనే కదండీ. నక్కనెవరైనా సబ్బునీళ్లలో నానబెడతారా?"

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అద్దం ముందు అంత ముచ్చటగా బాధపడుతుంటే ఎలా చెప్పమంటారు?"

శుక్రవారం పదకొండింటికి కొత్త కోటుతో వేదిక ఎక్కాను. సర్టిఫికెట్ చదివి వినిపించారు. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. నేను రాసిన చోటే తుడుచుకున్నారు. పన్నెండు ప్రాణాలు ఈసారి నిజంగానే నా ఒంటి మీద ఉన్నాయి. బాధ కోసం లోపలంతా వెతికాను. కోటు చేతులు సరిగ్గా సరిపోయాయన్న ఆలోచన తప్ప ఇంకేమీ దొరకలేదు. నాలుగు నిమిషాల తర్వాత కోటు విప్పేశాను. చప్పట్లు చాలాసేపు మోగాయి.

దిగి వస్తుంటే మంత్రిగారు కోట్లు కుట్టే ఆవిడతో మాట్లాడుతున్నారు.

"ఇంకో ఆరు ఊళ్లవాళ్లు సభ పెట్టమంటున్నారమ్మా. అక్కడ ఒక్కరికీ ఫర్ కోటు లేదట పాపం."

"కొలతలు పంపించమనండి సార్."

నాన్న కోటు తొడుక్కుని బస్టాపుకి నడిచాను. అక్కడ కాలేజీ పిల్ల ఒకతె నిలబడి ఉంది. ఛాతీ మీద మా సభ బ్యాడ్జీ. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సిగ్గుగా లేదా అంకుల్, ఒక ప్రాణిని ఒంటి మీద వేసుకు తిరగడానికి?"

నైలాన్ అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను కాలర్ పైకెత్తుకుని తల దించుకున్నాను.

"ఉందమ్మా," అన్నాను. "ఇరవై ఏళ్ల నుంచీ ఉంది."