కుట్టుకి వదిలిన రెండు వేళ్లు

ఆదివారం ఉదయం టైలరు మాస్టారి పథకం చాలా చిన్నది. టిఫిను కాగానే ముందుగదిలోని పడవను బయటికి నెట్టాలి. తోపుడుబండి మీద చెరువుకి చేర్చాలి. అక్క బస్సు దిగేలోగా నీళ్ల మీద ఉంచాలి.

చిన్నప్పుడు అక్కే ఆయన్ని నాన్న పడవలో ఏరు దాటించి బడికి దింపేది. ఆయన ముందు కూర్చుని నీళ్లలో వేళ్లు ఆడిస్తూ ఎక్కాలు అప్పజెప్పేవాడు. అక్క వెనక కూర్చుని, పెదవి కదపకుండా తెడ్డు వేసేది. నాన్న పోయాక ఆ పడవా పోయింది. ఇప్పుడు అక్క మోకాళ్లు అరిగిపోయాయి. ఆ కాళ్లు పూర్తిగా మొరాయించకముందే ఆమెను ఒక్కసారైనా మళ్లీ పడవెక్కించాలని మాస్టారి కోరిక. అందుకే వేసవంతా కుట్టుమిషను గోడకి జరిపి, గదినిండా చెక్కలు పరిచాడు.

పని మాత్రం టైలరింగు కొట్టు పద్ధతిలోనే సాగింది. ఆయన సుద్దతో గీశాడు, భార్య కోసింది, కూతురు బిగించింది. వీధి తలుపు వెడల్పు కొలిచి, పడవ నడుము అంతకన్నా నాలుగు వేళ్లు తక్కువ ఉండేలా ఆయన ముందే లెక్కవేసుకున్నాడు.

"పట్టండి. ముక్కు ముందు పోనివ్వండి," అన్నాడు మాస్టారు.

బట్టల తానులు చుట్టుకొచ్చే గొట్టాల మీద పడవ దొర్లింది. ముక్కు గడప దాటి వీధిలోకి తొంగిచూసింది. నడుము దగ్గర కిర్రుమని ఆగిపోయింది.

"కొలత తప్పారేమోనండీ," అంది భార్య.

"నేనెప్పుడు తప్పాను? రెండు వైపులా కుట్టుకి రెండేసి వేళ్లు వదిలాను, అంతే."

"చెక్కకి కుట్టేంటండీ?"

"చెయ్యి అలవాటు."

భార్య పడవ అంచు మీద వేలు పెట్టి చూసింది. "మీరు బిగుతుగా గీస్తారని నేనెప్పుడూ గీతకి వేలెడు బయటగా కోస్తుంటాను. ఇదీ అలాగే కోశాను."

"ఎప్పటినుంచి?"

"పెళ్లయినప్పటినుంచి."

తన చేతి చొక్కా ఎవరికీ బిగుతు కాలేదన్న గర్వం మాస్టారి ముఖం మీంచి నెమ్మదిగా జారిపోయింది. కూతురు ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనూ అంచులు కత్తిరించలేదు నాన్నా. లావైతే విప్పుకోవచ్చని."

"పడవ లావెక్కుతుందా తల్లీ?"

"ఎక్కింది కదా," అంది భార్య.

చప్పుడు విని పక్కింటి ప్లంబరు వంటింటి దారిన వచ్చాడు. ఏదైనా ఇరుక్కుందంటే చాలు, ఆయనకి చేతులు ఊరుకోవు. "సబ్బునీళ్లు పోస్తే వెన్నలా జారుతుంది మాస్టారూ," అంటూ బకెట్టు తనే కుమ్మరించాడు. జారిన మాట నిజమే, కాకపోతే జారింది మనుషులు. నలుగురూ భుజాలు ఆనించి నెట్టబోయి, కాళ్లు తేలిపోయి, బరువంతా పడవ మీద పడేశారు. పడవ జానెడు ముందుకెళ్లి ద్వారబంధంలో మేకులా దిగిపోయింది. ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ప్లంబరు రంపం అందుకుని ద్వారబంధం వైపు చూశాడు.

"అద్దె ఇల్లండీ," అంది భార్య. ఆయన రంపం దించేశాడు.

సరిగ్గా అప్పుడే అక్క సంచితో వచ్చి వీధిలో నిలబడింది.

"చెరువులో చూపిద్దామనుకున్నానక్కా," అన్నాడు మాస్టారు, సబ్బునీళ్లలోంచి లేవకుండానే. "నిన్ను మళ్లీ పడవెక్కిద్దామని."

"నన్నా? దేనికిరా?"

"నీకు పడవంటే ప్రాణం కదా."

"ఎవరన్నారు? నాకు నీళ్లంటే హడలు. కళ్లు సగం మూసుకుని తెడ్డు వేసేదాన్ని."

"మరి రోజూ వచ్చేదానివి?"

"రాకపోతే నీకు బడి పోదూ?"

తెడ్డు వేసేటప్పుడు అక్క పెదవులు ఎందుకు కదిలేవి కాదో మాస్టారికి ఇన్నేళ్లకి తెలిసింది.

ప్లంబరు చుట్టూ తిరిగొచ్చి చెయ్యందించాడు. అక్క చెప్పులు విడిచి, మోకాళ్లని తిట్టుకుంటూ పడవెక్కి కూర్చుంది. అటూ ఇటూ ఊగి చూసింది. పడవ ఇసుమంతైనా కదలలేదు.

"ఇదిరా పడవంటే," అంది తృప్తిగా. "ఆ తెడ్డు ఇలా ఇచ్చి, నువ్వూ ఎక్కు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నాన్న గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత మాస్టారు తడిబట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు.

అంతలో కొత్త చొక్కా కోసం ఒకాయన వచ్చాడు. గుమ్మంలో పడవనీ, అందులో తెడ్డు పట్టుకున్న పెద్దావిడనీ చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"మాస్టారు ఉన్నారాండీ?"

"ఉన్నాడు బాబూ," అంది అక్క, "అవతలి ఒడ్డున."