దవడకు కట్టిన ఇంగ్లీషు

ఆ పొద్దున ఓదెలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేయాలి, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, పంటినొప్పి తెచ్చుకోవాలి, పది గంటలకల్లా పంజాగుట్ట చేరాలి. మొదటి రెండూ అయిపోయాయి. మూడోదానికి అతని భార్య సుకన్య పాత మఫ్లరు వెతికి తెచ్చి, దవడ కింది నుంచి నడినెత్తి దాకా చుట్టి ముడేసింది. ఆ మఫ్లరు కింద, ఎడమ చెవిలో ఇయర్‌ఫోను దాక్కుంది. అద్దంలో చూసుకుంటే ఓదెలుకే తన పన్ను సలుపుతున్నట్టు అనిపించింది.

ఓదెలు పంజాగుట్టలో ఒక పళ్ళ డాక్టర్ల ఆస్పత్రికి వాచ్‌మన్. ఏళ్ళ తరబడి గేటు దగ్గర ఎండలో నిలబడి టోకెన్లు పంచాడు. ఈమధ్య ఆ ఆస్పత్రిని బెంగుళూరు వాళ్ళెవరో కొన్నారు. లోపల రిసెప్షన్‌లో కుర్చీ ఖాళీ అయితే, ముందు పాతవాళ్ళకే అవకాశమన్నారు. ఓదెలు సంబరపడేలోపే ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అన్నారు.

వదిలేద్దామంటే ఇంట్లో ఇంకో చిక్కుంది. కూతురు యశస్విని బడిలో తన స్నేహితురాలికి, మా నాన్న ఆస్పత్రి లోపల ఏసీలో కూర్చుంటాడని ఎప్పుడో కోసేసింది. ఆ స్నేహితురాలు పళ్ళకు క్లిప్పులు పెట్టించుకోవడానికి శనివారం ఆ ఆస్పత్రికే వస్తోంది. సంగతి చెప్పి, పిల్ల అన్నం ముట్టకుండా పడుకుంది. అబద్ధమెందుకు చెప్పావని దాన్ని తిట్టడానికి ఓదెలుకు నోరు రాలేదు. దాన్ని తిట్టడం కన్నా తను లోపలికి పోయి కూర్చోవడమే నయమనుకున్నాడు.

అందుకే అమీర్‌పేట వెళ్ళాడు. గోడ కనపడకుండా అంటించిన కోచింగ్ బోర్డుల మధ్య ఒక బోర్డు అతనికి నచ్చింది: ‘ఎవరి ఇంగ్లీషు వాళ్ళకే’. అది వీర్రాజు గారిది. కాకినాడ మనిషి. ఒకప్పుడు సినిమాల్లో ప్రాంప్టింగ్ చెప్పేవారు. అంటే, తెలుగు రాని హీరోయిన్లకు కెమెరా వెనక నిలబడి ఒక్కో మాటా అందించేవారు. ఆ విద్యనే ఇప్పుడు పాఠంగా మార్చారు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. పళ్ళబండి వాడికి పళ్ళబండి ఇంగ్లీషు, మేకప్‌మన్‌కు మేకప్ ఇంగ్లీషు. ఆయన వెనక నుంచి అంటారు, శిష్యుడు ముందుకు చూసి అనేస్తాడు.

"నా నోట్లోంచి ఏదొస్తే అదే నీ నోట్లోంచి రావాలయ్యా. మధ్యలో నువ్వు ఆలోచించావో, మొదటికే మోసం," అని మొదటి రోజే చెప్పారు.

ఓదెలు చక్కగా నేర్చుకున్నాడు. తంటా అల్లా ఒకటే: వెనక వీర్రాజు గారు లేకపోతే నోరు పెగలదు. పాఠం చెప్పినాయనే దానికీ మందు కనిపెట్టారు. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ ఫోనులో ఉండి, చెవిలో చెబుతానన్నారు.

వీర్రాజు గారి కాపురం కూడా ఆ ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలోనే. మధ్యలో ఒక పరదా. ఆయన భార్య జానకీదేవి గారు ఆడవాళ్ళ బ్యాచి చూసేవారు. భర్తగారి పద్ధతి ఆవిడకు బొత్తిగా గిట్టదు. మనుషులకు నేర్పుతున్నారా, చిలకలకా అని దెప్పేవారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. శిష్యులకు ఆదర్శంగా ఉండాలి కాబట్టి, ఇంట్లో తగువైనా సరే ఇంగ్లీషులోనే పడాలి. నిజం చెప్పొద్దూ, సగం మంది శిష్యులకు ఇంగ్లీషు అబ్బింది ఆ తగువులు వినే.

పది గంటలకు ఓదెలు లోపలికి పోయి నిలబడ్డాడు. ఇంటర్వ్యూ చేసేది ఫ్లోర్ ఇన్‌చార్జి దివ్యశ్రీ. ఇన్నాళ్ళూ అందరినీ తెలుగులో గదమాయించి పని చేయించిన మనిషి. ఆమె ఇంగ్లీషులో నెగ్గుకురాగలదా లేదా చూద్దామని బెంగుళూరు పెద్దసారు మూల కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. రోజూ బిగించి జడేసుకునే దివ్యశ్రీ ఆ రోజు జుట్టు చెవుల మీదికి వదిలేసుకుని వచ్చింది. ఓదెలు అదేమీ గమనించే స్థితిలో లేడు. ఎవరి భయం వాళ్ళది.

మొదట అంతా సాఫీగానే నడిచింది. ఆమె పేరు అడిగింది, చెప్పాడు. ఎన్నాళ్ళ అనుభవమంది, చెప్పాడు. పేషెంటు వస్తే ఏం చేస్తావంది, నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెబుతానన్నాడు. మఫ్లరు మూలాన ఆ నవ్వు కొంచెం వంకరగా వచ్చింది గాని, పెద్దసారు మెచ్చుకోలుగా తల ఊపాడు.

సరిగ్గా అప్పుడే అమీర్‌పేటలో పాలు పొంగాయి. వీర్రాజు గారికి మాడు వాసన తగిలింది. చేతిలో ఫోనున్న సంగతి మరిచి, పరదా వైపు తిరిగి కేకేశారు.

"జానకీ, సమ్‌థింగ్ ఈజ్ బర్నింగ్," అన్నాడు ఓదెలు, దివ్యశ్రీ కళ్ళలోకి చూస్తూ.

పెద్దసారు ముక్కు ఎగబీల్చి గదంతా వాసన చూశాడు. దివ్యశ్రీ ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయింది. తర్వాత ఆ నోట్లోంచే గడగడా ఇంగ్లీషు ఊడిపడింది. చదివేవాళ్ళ సుఖం కోసం ఇక్కడి నుంచి ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పుకుందాం.

"మాడితే లేచి ఆపండి. మీకు చేతుల్లేవా?"

"నేను డ్యూటీలో ఉన్నాను," అన్నాడు ఓదెలు.

"ఎప్పుడు చూసినా డ్యూటీయే. మీ చెల్లెలు వస్తే మాత్రం డ్యూటీ ఉండదు."

"మా చెల్లెల్ని మధ్యలోకి లాగకు."

"లాగింది నేనా? నాతో ఒక్క మాటైనా అనకుండా ఇవాళ భోజనానికి పిలిచింది మీరు."

ఈ చివరి మాట దివ్యశ్రీ నోట రాకముందే ఓదెలు చెవిలో సన్నగా, ఎక్కడో పరదా అవతలి నుంచి వినపడింది. అదే మాట, అదే విసురు. ఓదెలు తేరిపార చూశాడు. ఆమె జుట్టు కింద నల్లటి ఇయర్‌ఫోను తొంగిచూసింది. ఆమె చూపు వచ్చి అతని మఫ్లరు మీద ఆగింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. చిలకలని వెక్కిరించే జానకీదేవి గారు, మొగుడికి తెలియకుండా, వంటింట్లో నిలబడి తనూ ఒక చిలకను పలికిస్తున్నారు.

వెలిగితే మాత్రం ఏం లాభం? ఆపితే ఇద్దరి గుట్టూ బయటపడుతుంది. ఆమె ఉద్యోగం పోతుంది, అతనికి రాబోయే కుర్చీ పోతుంది. కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇద్దరూ కొట్టుకుంటూనే పోయారు. తమ మాటలే ఫోన్లోంచి తిరిగొస్తున్నాయని తిట్టుకునే వేడిలో ఆ దంపతులకు తెలియలేదు. తగువు చెల్లెలి నుంచి, ఆ చెల్లెలు కిందటిసారి తెచ్చిన కాజాల డబ్బాకు, అక్కడి నుంచి గృహప్రవేశంలో పెట్టని చీరకు పాకింది. దివ్యశ్రీ లేచి నిలబడి బల్ల గుద్దింది. బల్ల గుద్దమని జానకీదేవి గారేమీ చెప్పలేదు, అది ఆమె సొంతం.

"అయితే వెళ్ళి మీ చెల్లెలి దగ్గరే ఉండండి," అంది దివ్యశ్రీ.

టక్కున రెండు ఫోన్లూ కట్టయ్యాయి. పాల కోసం ఆయన లోపలికీ, గొడవ కోసం ఆవిడ బయటికీ రాబోయి, పరదా దగ్గర ఒకరి చేతిలో ఫోను ఒకరు చూసుకుని ఉంటారు.

పెద్దసారు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. ఓదెలు చెవిలో ఏమీ లేదు. యశస్విని ముట్టని అన్నం కంచం గుర్తొచ్చింది. ఎదురుగా అరిచి అరిచి ఆయాసపడుతున్న ఆడమనిషి. ఇలాంటివాళ్ళను గేటు దగ్గర రోజూ చూస్తాడు. ఏమనాలో తెలియక, అక్కడ తెలుగులో అనేదే తనకొచ్చిన ఇంగ్లీషులో అనేశాడు.

"మేడం, సిట్. వాటర్ డ్రింక్." గ్లాసు ముందుకు జరిపాడు. "సిస్టర్ మాటర్ ఐ సీ. ఫస్ట్ టోకెన్, యువర్ టోకెన్."

దివ్యశ్రీ నిజంగానే కూర్చుని, గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగేసింది.

పెద్దసారు లేచి చప్పట్లు కొట్టాడు. తను వందల ఇంటర్వ్యూలు చూశాడట. ఇన్‌చార్జే కోపిష్టి పేషెంటు వేషం కట్టి, మనిషి ఓపికను ఇలా పరీక్షించడం ఎక్కడా చూడలేదట. దివ్యశ్రీ కుర్చీకి ఢోకా లేదన్నాడు. రేపటి నుంచి ఓదెలును రిసెప్షన్‌లో కూర్చోమన్నాడు.

ఇద్దరూ ఊపిరి పీల్చుకునేలోపే ఆయన చూపు మఫ్లరు మీద పడింది. పాపం, ఇంత నొప్పితో ఇంత ఓపికా అని కరిగిపోయాడు. పన్ను బాగా నొప్పిగా ఉందా అని అడిగాడు. ఓదెలు యెస్ సార్ అన్నాడు. మన ఆస్పత్రి మనిషికి పంటినొప్పి ఏమిటి, ఇప్పుడే చూపిద్దామా అన్నాడు. ఓదెలు దానికీ యెస్ సార్ అన్నాడు. వద్దనే మాట తెలియక కాదు. అంత పెద్దాయనతో దాన్ని ఎలా అంటారో ఆ పాఠం ఇంకా రాలేదు, చెవిలో చెప్పే నాథుడూ లేడు. డాక్టరు టార్చి వేసి చూసి, వెనక దవడలో జ్ఞానదంతం నిజంగానే పుచ్చిపోయిందని తేల్చి, పీకేశాడు.

బయటికొస్తుంటే దివ్యశ్రీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఓదెలన్నా, గీ ముచ్చట గేటు దాటొద్దు." నోటి నిండా దూదితో ఓదెలు దండం పెట్టాడు.

శనివారం యశస్విని స్నేహితురాలు వచ్చింది. బూరె బుగ్గతో, నోరు తెరవలేక, ఏసీలో కూర్చుని తల మాత్రం ఊపాడు ఓదెలు. మీ నాన్న పెద్ద ఆఫీసర్ లెక్క తక్కువ మాట్లాడతడే అందట ఆ పిల్ల. యశస్విని ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తింది. ఎదురుగా కూర్చుని చూసిన ఓదెలుకు పన్ను పోయిన బాధ పోయింది.

మర్నాడు సాయంత్రం స్వీట్లు పట్టుకుని అమీర్‌పేట వెళ్ళాడు. ఇంటర్వ్యూ రోజు నుంచీ ఆ ఇంట్లో మాటల్లేవు. చెల్లెలు వచ్చింది, తిన్నది, వెళ్ళింది. ఇప్పుడు వీర్రాజు గారు పరదాకు ఇవతల, జానకీదేవి గారు అవతల.

"సార్, నాకింకొక్క పాఠం చాలు," అన్నాడు ఓదెలు బుగ్గ పట్టుకుని. "పెద్దోళ్ళు ఏదన్నా అంటే, వాళ్ళకు కోపం రాకుంట వద్దు అనుడెట్ల?"

పరదా అవతల గిన్నెల చప్పుడు ఆగింది. వీర్రాజు గారు అటు చూశారు, ఇటు చూశారు, గొంతు బాగా తగ్గించారు.

"ఆ పాఠం మా ఇంట్లో ఆడవాళ్ళ బ్యాచికే ఉందయ్యా."