నా బరువు అక్క ఫోన్‌లో

ఇంట్లో ఒక గూఢచారిని పెట్టుకోనివాడు జన్మలో సన్నబడడు. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. తొమ్మిది కిలోలు తగ్గి మరీ అంటున్నాను.

మీకు తెలిసినవాళ్ళంతా వేరే మార్గాలు చెబుతారు. పొద్దున్నే పరుగెత్తమంటారు, ఆకులు నమలమంటారు, వంట నేర్చుకోమంటారు. మొదటి రెండింటినీ క్షమించగలను. మూడోదాన్ని మాత్రం భరించలేను.

వంటంటే నాకు బద్ధకం కాదు, భయం. ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి పళ్ళెం ముందు కూర్చునేదాకా మనిషి తనతో తాను ఉండాలి. చేతులు పనిలో ఉంటాయి, బుర్ర ఖాళీగా ఉంటుంది. పదిహేనేళ్ళ కిందట ఎవరితోనో అనకూడని మాటన్నది సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది. ఉల్లిపాయ వల్ల కళ్ళలో నీళ్ళొస్తాయన్న ప్రచారం మొదలుపెట్టింది నాలాంటివాడే అయ్యుంటాడు.

అందుకని ఏళ్ళ తరబడి హోటల్ పొట్లాల మీద బతికాను. పొట్లం విప్పడానికి అర నిమిషం చాలు. అర నిమిషంలో ఏ జ్ఞాపకమూ రాదు. వచ్చేది బరువొక్కటే.

డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, "ఇంకో ఏడాది ఇలాగే తింటే మీరు నాకు పర్మనెంట్ కస్టమరు" అన్నాడు. ఆ మాట అక్కకి చెప్పడం నేను చేసిన పొరపాటు. అక్క లెక్కల టీచరు, వేరే ఊళ్ళో ఉంటుంది. ఏటా నా పుట్టినరోజుకి చొక్కా పంపేది. ఈసారి బరువు తూచే మెషీన్ పట్టుకుని తనే దిగింది. అది మామూలు మెషీన్ కాదు, మనం ఎక్కి దిగితే ఆ అంకెని ఫోన్‌కి పంపుతుంది.

"దీన్ని నీ ఫోన్‌కి కలుపుకో" అంది.

"నువ్వే కానియ్యి అక్కా. ఆ గొడవలు నాకు పడవు" అన్నాను.

తన ఫోన్ చేతిలో ఉంది కాబట్టి దానికే కలిపేసింది. అందులో తప్పేముందో ఆ పూట ఇద్దరికీ తట్టలేదు. మూడో రోజు పొద్దున మెషీన్ ఎక్కి దిగి, బ్రష్ మీద పేస్టు వేసుకుంటుండగా ఫోన్ మోగింది.

"ఏరా, రాత్రి ఏం తిన్నావు?"

"సూప్."

"సూప్ తాగితే ఆరువందల గ్రాములు పెరగరు. సూప్‌తో పాటు?"

"రొట్టె."

"రొట్టెతో పాటు?"

"వెన్న."

"వెన్నతో పాటు?"

"ఇంకో రొట్టె."

"మా ఆరో క్లాసు పిల్లలు నీకంటే శుభ్రంగా అబద్ధాలాడతారు" అని పెట్టేసింది.

ఇది వేధింపు అని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అంతకుముందు సంగతి చూడండి. అక్క నెలకోసారి ఫోన్ చేసేది. "ఎలా ఉన్నావు?" "బాగున్నాను." "మీ బావ అడిగానని చెప్పమన్నాడు." "నేనూ అడిగానని చెప్పు." అంతే, రక్తసంబంధం మరో నెలకి రెన్యువల్ అయిపోయేది. "బాగున్నాను" అన్న మాటని లోకంలో ఎవరూ తనిఖీ చెయ్యరు. ఈ మెషీన్ చేస్తుంది. నేను ఎంత బాగున్నానో గ్రాముల్లో తేలుస్తుంది.

ఇంత మేలు చేసే యంత్రాన్ని బరువు దగ్గరే ఆపెయ్యడం అన్యాయం కాదా? ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అత్తగారికి కబురు వెళ్ళాలి. సోఫాలో గంటకి మించి కూర్చుంటే, సోఫా మన చిన్నప్పటి డ్రిల్లు మాస్టర్ని వెతికిపట్టుకుని ఫిర్యాదు చెయ్యాలి. మా ఆఫీసులో క్యాషియరమ్మ ఒకావిడ ఉంది, మూడేళ్ళుగా డైటింగ్‌లో ఉంది. ఇతరుల డబ్బాలోంచి తిన్నది డైట్‌లో లెక్కకి రాదని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ చెయ్యి నా బిస్కట్ల డబ్బా మీద పడగానే వాళ్ళాయన జేబులో ఫోన్ మోగాలి. ఎన్ని సంసారాలు బాగుపడతాయి!

ఆ ఆఫీసు బీమా కంపెనీది, నాది ఫిర్యాదుల విభాగం. ఇరవై ఏళ్ళుగా ఉత్తరాలు చదువుతున్నాను. పాలసీ నంబరు తప్పు పడిందని నాలుగు పేజీలు రాసే పెద్దమనిషికి కావలసింది సరైన నంబరు కాదు, నాలుగు పేజీలూ చదివే మనిషి. ఇలాంటివి ఎదుటివాళ్ళలో ఇట్టే కనిపెడతాను.

వంట సంగతి కూడా అక్కే తేల్చింది.

"నిన్ను వంట చెయ్యమనట్లేదు రా. నీళ్ళు కాచమంటున్నాను. అందులో రెండు గుడ్లు పడితే అది నీ తప్పు కాదు."

ఫోన్ స్పీకర్లో పెట్టి, స్టవ్ పక్క గోడకి ఆనించమంది. గుడ్లు ఉడకడానికి పన్నెండు నిమిషాలు. అంతసేపూ లైన్లోనే ఉండేది. నేను మధ్యలో స్టవ్ ఆపేసి పొట్లం విప్పుతానని అనుమానం. కాపలా కాసేవాళ్ళు నోరు మూసుకుని ఎంతసేపని కాస్తారు? కొత్త హెడ్‌మిస్ట్రెస్ సుద్దముక్కలు ఎలా లెక్కపెట్టి ఇస్తోందో చెప్పేది. బావ గురకకి పక్కింటి కుక్క ఎలా బదులిస్తోందో చెప్పేది. నేను కేరట్ తరుగుతూ వినేవాణ్ణి. నాన్న చనిపోయిన ఏడాదంతా తను నాతో ఎందుకు మాట్లాడలేదో ఒకరోజు చెప్పింది. ఆ రోజు గుడ్లు ఇరవై అయిదు నిమిషాలు ఉడికాయి. రబ్బరు బంతుల్లా తయారయ్యాయి. రెండూ తిన్నాను.

గుడ్ల తర్వాత బీన్స్, బీన్స్ తర్వాత చేపముక్క. ఏడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. డాక్టరు కొత్త కాగితాన్ని రెండుసార్లు చూసి, "ఏం చేశారు?" అన్నాడు. "కబుర్లు చెప్పుకున్నాం" అన్నాను. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

ఈ మెషీన్‌కి ఒకే ఒక్క లోపం ఉంది. పనిచేస్తుంది. తొమ్మిదో కిలో తగ్గిన రోజు అక్క ఫోన్ చేసింది.

"శభాష్ రా, పాసయ్యావు. ఇంక నిన్ను రోజూ విసిగించను. రెండు కిలోలు పెరిగితేనే నాకు మోగేట్టు పెట్టాను."

పాసైన పిల్లాణ్ణి మళ్ళీ అదే క్లాసులో ఎవరు కూర్చోబెట్టుకుంటారు? "థాంక్స్ అక్కా" అన్నాను.

మర్నాడు గుడ్లు పన్నెండు నిమిషాలే ఉడికాయి. అంత పొడుగాటి పన్నెండు నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు. వారం గడిచింది. మెషీన్ నా అంకెని రోజూ చక్కగా చూపిస్తూనే ఉంది, నాకొక్కడికే. మళ్ళీ పొట్లాల వైపు ఆశగా చూశాను. కానీ తిని రెండు కిలోలు పెరగాలంటే ఎంత లేదన్నా నెల పడుతుంది. అంత ఓపిక లేదు.

పదో రోజు పొద్దున రెండు లీటర్ల నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని మెషీన్ ఎక్కాను.

దిగి నిలబడేలోపు ఫోన్ మోగింది.

"ఏం పట్టుకున్నావురా?"

"ఏం లేదే."

"నిన్నటికీ ఇవాళ్టికీ సరిగ్గా రెండు కిలోలు. తిండితో వచ్చే బరువు ఇంత గుండ్రంగా ఉండదు. ఎవరికి చెబుతున్నావు?"

"నీళ్ళ సీసా."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"మాట్లాడాలనుంటే నువ్వే ఫోన్ చెయ్యొచ్చు కదరా."

"ఏమని చెయ్యను?"

ఒకే తల్లి పిల్లలం, ఇద్దరం నలభై దాటినవాళ్ళం. పని ఉంటే ఒకరికొకరు అర్ధరాత్రైనా ఫోన్ చేసుకుంటాం. పనేమీ లేకుండా, ఊరికే, నీ గొంతు వినాలనిపించిందని చెప్పాలంటే మాత్రం సిగ్గు. మందపాటి ఒళ్ళుంటే ఆ సిగ్గు కప్పుకోవడానికి పనికొస్తుంది. నాకు అది కూడా లేకుండా చేసింది ఈ దిక్కుమాలిన మెషీన్.

చివరికి అక్కే అంది, "సరే, నేనూ ఒకటి కొంటాను. నాకూ మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. దాన్ని నీ ఫోన్‌కి కలుపుతా. మీ బావకి చెప్పకు."

మెషీన్ మొన్న వచ్చిందట. నిన్న పొద్దున అక్క బరువు నా ఫోన్‌లో పడింది. ఎంతో మీకు చెప్పను, మాటిచ్చాను. ఇవాళ పొద్దున దానికి సరిగ్గా మూడు కిలోలు ఎక్కువ చూపించింది.

వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, రాత్రి ఏం తిన్నావో నిజం చెప్పు" అని గద్దించాను.