పదహారు గ్రాముల రహస్యం

"మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊర్ల మధ్యన నా కండ్లుగప్పి చీమ కూడా చక్కెర ఎత్తుకపోలేదు. తెలిసిందా?" అన్నాడు మునస్వామి, కుర్చీలో వెనక్కి వాలుతూ. కుర్చీకి ఒక కాలు పొట్టి. వాలినంత వేగంగా ముందుకొచ్చాడు. "నేను పుట్టింది కెమెరాలు అమ్మడానికి కాదు నతానియేలూ. నేరప్రపంచం గుండెల్లో నిద్రపోవడానికి!"

మునస్వామికి మదనపల్లె బస్టాండు దగ్గర సీసీ కెమెరాలు బిగించే అంగడి ఉంది. నాలుగు చోట్ల కెమెరాలు బిగించేసరికి తాను డిటెక్టివునన్న నమ్మకం కూడా అతనిలో బిగుసుకుపోయింది. కార్డులు అచ్చు వేయించాడు. ఇంతవరకు తేల్చిన కేసు ఒక్కటే. సొంత చెప్పులు పోయాయని మూడు రోజులు ఇరుగుపొరుగునంతా విచారించాడు. నాలుగో రోజు చెప్పులు కుట్టే ఆయన ఎదురై, "వారం కింద కుట్టమని ఇచ్చినావు, యెప్పుడు తీస్కపోతావప్పా?" అని అడిగాడు. "నాకు ముందే అనుమానం" అని మునస్వామి కేసు మూసేశాడు.

ఇవన్నీ నతానియేలుకు తెలుసు. తెలిసీ వచ్చాడంటే మనిషి ఎంత ఇరకాటంలో పడ్డాడో మీరే చూసుకోండి.

నతానియేలు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. వచ్చే ఆదివారం కుప్పంలో సోఫియాతో అతని ప్రధానం. పాస్టరుగారి ముందు ఇద్దరూ ఉంగరాలు మార్చుకోవాలి. జోడీ ఒకే చేతి మీద తయారైతే బాగుంటుందని రెండిళ్ళవాళ్ళూ పుంగనూరు చెంగయ్య ఆచారికే చెప్పారు. ఎన్ని గ్రాములన్నది మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. తక్కువ పెడితే పిసినారి అంటారు. ఎక్కువ పెడితే పిల్ల తరఫువాళ్ళను చిన్నబుచ్చినట్టు. సమానంగా పెడదామంటే వాళ్ళెంత పెడుతున్నారో తెలియదు, అడగడం మర్యాద కాదు. ఆచారిని కదిపితే, "ఒకరింటి తూకం ఇంకొకరికి చెప్పే అలవాటు మా వంశంలో లేదప్పా" అనేశాడు.

నతానియేలు దాచుకున్న డబ్బుకు నాలుగు గ్రాములు వస్తుంది. అది కూడా ఈ రోజు ధరకు. ఊరందరికీ షుగరు చూసే మనిషికి బంగారం ధర చూసినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయి.

"ఆ పిల్లతో మాట్లాడిందే రెండు తూర్లు. మూడో తూరి ఫోన్ చేసి, మీరెన్ని గ్రాములని అడిగితే యేమనుకుంటాదిరా?" అన్నాడు దిగులుగా.

"అడగబాకు. అడిగితే మామూలు మనిషివి. కనుక్కుంటే డిటెక్టివువి" అని మునస్వామి నల్లద్దాలు పెట్టుకున్నాడు. అంగట్లో అసలే వెలుతురు తక్కువ కాబట్టి వెంటనే బల్లకు తగులుకున్నాడు.

మర్నాడు అతను తలపాగా చుట్టి, చింతపండు వ్యాపారి వేషంలో కుప్పం వెళ్ళాడు. పొద్దు వాలేటప్పటికి తిరిగొచ్చి, తలుపు మూసి, కిటికీ మూసి, ఫ్యాను కూడా ఆపేసి, మెల్లగా చెప్పాడు.

"పదహారు."

"యేంది పదహారు?"

"గ్రాములు! రెండు సవరన్ల ఉంగరం! ఒకరు కాదు, ముగ్గురు సాక్షులు. టీ అంగడాయన, పూలామె, ఆటో ఆయన. ముగ్గురిదీ ఒకటే మాట."

"కొత్త మనిషికి అట్లెట్ల చెప్పేసినారు?"

"పొద్దున్నే టీ అంగట్లో ఒక ఎర వేసినా. మధ్యాన్నానికి ఊరంతా అదే మాట. ఎర ఏందని మాత్రం అడగబాకు. అది వృత్తి రహస్యం."

నతానియేలు అడిగే స్థితిలో లేడు. పదహారులోంచి నాలుగు తీసేస్తే పన్నెండు. ఎన్నిసార్లు తీసేసినా పన్నెండే. చీటీ పాడాలి. అది చాలదు. బండి అమ్మాలి. చౌడేపల్లె ఆయనెవరో చాన్నాళ్ళుగా ఆ బండి అడుగుతున్నాడు. ఫోన్ చేస్తే, శుక్రవారం డబ్బుతో వస్తానన్నాడు. ఆ రాత్రి నతానియేలు బండిని మామూలుగా కంటే ఎక్కువసేపు తుడిచాడు.

"బేరం ముగిసే లోపల ఆఖరి ఆధారం పట్టేస్తా" అన్నాడు మునస్వామి. గురువారం పొద్దున్నే పుంగనూరు వెళ్ళి, "కంపెనీ తరఫున వారం రోజులు ఉచితం" అని చెంగయ్య ఆచారి అంగట్లో కెమెరా బిగించాడు. తర్వాత అతనూ నతానియేలూ పక్క వీధిలో మునస్వామి పాత వ్యానులో కూర్చున్నారు. ఫోనులో ఆచారి అంగడి చక్కగా కనిపిస్తోంది. మునస్వామి తెర మీద ఉన్న మైకు బొమ్మ మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టాడు.

"ఇది నొక్కితే వాళ్ళ మాటలు మనకి ఇనపడతాయి."

ఏమీ వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. అంతలో అంగట్లోకి ఇద్దరు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు ప్రసాదరావు, వెనక ఆయన కూతురు సోఫియా. నతానియేలు సీట్లో కిందికి జారాడు.

"అదో, నేరస్తుల రంగప్రవేశం!" అన్నాడు మునస్వామి. "ఆ చెంగయ్య ముసలోడు గట్టి పిండం. యెట్ల మూతి బిగించుకోని ఉండాడో సూడు."

తెర మీద చెంగయ్య ఉలిక్కిపడి పైకి చూశాడు. ప్రసాదరావు కూడా చూశాడు. సోఫియా కూడా.

"యాల అందరూ పైకి సూస్తాండారు?" అన్నాడు నతానియేలు.

"బల్లి పడింటాది."

ప్రసాదరావు మెల్లగా లేచి నిలబడి, కళ్ళజోడు తీసి, చేతులు జోడించాడు. ఆయన జేబులోంచి ఒక పాత గొలుసు బల్ల మీదికి జారింది. దాన్ని చూడగానే నతానియేలుకు ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

"వాళ్ళకి శానా బంగారం ఉండాదిరా. నా దగ్గర ఉండేది నాలుగు గ్రాముల డబ్బులే. రేపు బండి అమ్మేస్తా. పెండ్లయినంక ఆ పిల్లని ఆ బండి మింద హార్స్లీ హిల్స్‌కి తీస్కపోవాలని యెన్ని దినాల్నుంచి అనుకుంటాండా తెలుసా? రెండు తూర్లు సూసినా అంతే. రెండో తూరి నవ్వింది. ఆ నవ్వు కోసరం బండేంది, యేమన్నా అమ్మేస్తా. కానీ సిగ్గుగా ఉండాది మునస్వామీ. నాలుగు గ్రాములోణ్ణని ముందే చెప్పేసింటే పోయేది."

అప్పుడు ఒక దోమ వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ కేసు తేల్చింది ఆ దోమే. అది మునస్వామి చెవి మీద కుట్టింది. కొట్టడానికి అతను బొటనవేలు ఎత్తాడు. వెంటనే ఫోనులోంచి మాటలు వినపడ్డాయి.

"బండి అమ్మాకండి."

సోఫియా గొంతు. తెరలో ఆమె నేరుగా కెమెరాలోకి చూస్తోంది. నొక్కితే మన మాటలు అక్కడికి వెళ్తాయని, వదిలితేనే అక్కడి మాటలు ఇక్కడికి వస్తాయని అప్పుడు తెలిసింది. కెమెరాలు అమ్మేవాడికి కూడా అప్పుడే తెలిసింది. నతానియేలు ఫోను లాక్కుని, నొక్కి, "సోఫియా గారూ, వందనాలు" అని వేలు తీసేశాడు.

"నువ్వేనా నాయనా?" అన్నాడు ప్రసాదరావు, జోడించిన చేతులు దించుతూ. "ఇంకెవురో అనుకుంటిని."

"నాయన మా అమ్మ గొలుసు కరిగించడానికి తెచ్చినాడు" అంది సోఫియా. "మీరు రెండు సవరన్ల ఉంగరం చేయిస్తాండారని కుప్పమంతా చెప్పుకుంటాండారు. మేము మాత్రం తక్కువ యెట్ల పెట్టేది?"

"నేనా? ఎవరు చెప్పినారు?"

"బస్టాండు కాడ టీ అంగట్లో చెప్పినాడంట. తలపాగా, నల్లద్దాలు. చింతపండు వ్యాపారంట, గుత్త ధర అడిగితే తెలీదన్నాడంట."

నతానియేలు పక్కకు తిరిగి చూశాడు. మునస్వామి దీక్షగా వ్యాను పైకప్పు పరిశీలిస్తున్నాడు.

"అదేనా నీ ఎర?"

"ఎర మనమేస్తే వాళ్ళది బయటపడతాదని..." అన్నాడు మునస్వామి. "మనదే తిరిగొచ్చింది. శానా వేగంగా వచ్చింది, నువ్వు ఒప్పుకోవాల."

అంతవరకు బిక్కచచ్చి ఉన్న చెంగయ్య ఆచారికి అప్పుడు కోపం వచ్చింది. కెమెరా కిందికొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టి పిండమంట! మూడు వారాల కింద మీరొచ్చి, అవతలోళ్ళు యెంత పెడితే మాదీ అంతే అంటిరి. ఈ సారూ వచ్చి అదే మాట. ఇద్దరూ అట్ల చెప్పి పోతే నేను యేం కరిగించేదప్పా? నిప్పు కూడా పెట్టలేదు నేను!"

అంగట్లో ప్రసాదరావు గొలుసు తీసి జేబులో వేసుకుని, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఈ గొలుసు మా పెండ్లిలో నేను వేసింది నాయనా. దీన్ని ఈడికి తెస్తాంటే కాళ్ళు రాలేదు నాకు."

"నాలుగు చాలు నాయనా" అంది సోఫియా. "ఆయనకీ నాలుగే. ఆచారిగారూ, ఇంక నిప్పు పెట్టండి."

ఆదివారం ప్రధానం బ్రహ్మాండంగా జరిగింది. భోజనాల దగ్గర మునస్వామి ఈ కేసును తాను ఎలా ఛేదించిందీ పంక్తి పంక్తికీ చెప్పాడు. దోమ ప్రస్తావన ఎక్కడా రాలేదు. టీ అంగడాయన గుర్తుపట్టి, "చింతపండు సామీ, ఆ దినం టీ తాగి లెక్కీకుండా పోతివే" అనేసరికి మూడో పంక్తి దగ్గర ఆపేశాడు.

పెళ్ళయిన నాలుగో రోజు నతానియేలు, సోఫియా బండి మీద హార్స్లీ హిల్స్ ఎక్కారు. కొండ మీద చలిగాలికి సోఫియా చేతులు రుద్దుకుంటూ ఉంగరం వైపు చూసుకుంది.

"ఆ దినం మేము ఇంటాండామని మీకు నిజ్జంగా తెలీదా?"

"తెలిసింటే నోరు తెరిచేవాణ్ణా?"

"అందుకే అడుగుతాండా. రెండో తూరి నవ్వినప్పుడు యేమనుకున్యారో ఆ దినం సగమే చెప్తిరి. మిగతాది చెప్పండి."

నతానియేలు చెట్ల వైపు, కరెంటు స్తంభం వైపు, పైన అంతా ఒకసారి జాగ్రత్తగా చూశాడు. కెమెరా ఎక్కడా లేదు. అప్పుడు చెప్పాడు.