నిరంతర అభ్యసన యాత్ర, జురాంగ్ ఈస్ట్ శాఖ

కెనడా దేశపు ఆధునిక చరిత్రని సక్రమంగా నేర్పగలిగే చోటు భూమ్మీద ఏదైనా ఉందంటే అది సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్. ఈ విషయంలో కెనడాకే కొన్ని ఇబ్బందులున్నాయి. అక్కడ చరిత్ర నిజంగా జరిగింది కాబట్టి దాని మీద ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడతారు. జురాంగ్ ఈస్ట్‌లో ఆ బెడద లేదు. రైలు దిగి, రెండు మాల్స్ లోపలి నుంచి నడిచి, రోడ్డు మీది వంతెన దాటితే కెనడా సిలబస్‌తో నడిచే నార్త్‌స్ప్రూస్ అంతర్జాతీయ పాఠశాల వస్తుంది. అందులో చరిత్ర అంతా ముందుగానే ఆమోదం పొంది, ఎనిమిది యూనిట్లుగా యాప్‌లో సర్దుకుని కూర్చుని ఉంటుంది.

ఆ చరిత్రని పదో తరగతికి చెప్పే కల్పన కాకినాడలో పుట్టింది, టాంపినీస్‌లో ఉంటోంది, కెనడా వైపు ఎన్నడూ వెళ్ళలేదు. మంచు చూడ్డమంటే ఫ్రిజ్‌లో చూడ్డమే. ఇది లోపం కాదని, "పక్షపాతం లేని దూరం" అని ఆమె నియామక పత్రంలోనే రాశారు. (స్కూల్లో అసలు సిసలు కెనడియన్ ఒకే ఒక్కడున్నాడు. ఆయన ఈత నేర్పుతాడు.) ప్రెయిరీ మైదానాల చలికాలం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు పిల్లల్ని లైబ్రరీ ఏసీ కింద పది నిమిషాలు నిలబెట్టింది. అందుకు ముందుగా శీతలానుభవ అపాయ అంచనా పత్రం నింపి ఇద్దరు అధికారుల సంతకాలు తీసుకుంది. ఒక పిల్లవాడు తుమ్మాడు. తుమ్ముకి వేరే పత్రం ఉంది.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న చోట కూడా కష్టం వచ్చిందంటే అది బయటినుంచే రావాలి. మలేసియాలో, బాగాన్ దాతో దగ్గర ఒక పామాయిల్ తోటలో, పైడమ్మ అనే ఎనభై మూడేళ్ళ ముసలావిడ కన్నుమూసింది. స్కూలు క్యాలెండర్ చూసుకోకుండా, సరిగ్గా మూడో యూనిట్ మధ్యలో.

పైడమ్మ కొడుకు యోగేశ్వరన్. తాతల నాడే మలేసియా తోటలకి వెళ్ళిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఉద్యోగం కోసం అతను సింగపూర్ వచ్చి స్థిరపడ్డాడు. అతని కూతురు శాంతిని కల్పన క్లాసులోనే ఉంది. అవ్వ పోయిందనగానే ఇంటిల్లిపాదీ బయల్దేరి వెళ్ళి, పదకొండో రోజు కార్యం అయ్యాక తిరిగొచ్చారు. ఈ పదకొండు రోజుల్లో శాంతిని ఒక్క పాఠం కూడా వదల్లేదు. తోటలో సిగ్నల్ ఉన్న చోటు ఒకటే, పశువుల కొట్టం వెనకాల. అక్కడ స్టూలు వేసుకుని, ఒక చేత్తో దోమల్ని తోలుకుంటూ, 1917 నాటి నిర్బంధ సైనిక సేవ మీద నాలుగు పేజీలు రాసి పంపింది. కల్పన దానికి పదికి తొమ్మిదిన్నర వేసింది. అర మార్కు ఎందుకు తగ్గించిందో ఆమెకి కూడా తెలియదు, అలవాటు.

సింగపూర్ తిరిగొచ్చిన మర్నాడు యాప్ తెరిస్తే శాంతిని పేరు ఎర్రగా ఉంది. పక్కన రెండే మాటలు, యాత్ర భంగమైనది.

ఇక్కడ తొమ్మిదో రూలు గురించి చెప్పాలి. విద్యార్థి అభ్యసన యాత్ర తాను నమోదైన దేశంలో మొదలై, ఆ దేశంలోనే, ఎక్కడా ఆగకుండా, చివరిదాకా సాగాలి. ఐదు పనిదినాలు మించి వేరే దేశం నుంచి చదివితే ఆ చదువు చదువు కాదు, యాత్ర మళ్ళీ మొదటి యూనిట్ నుంచి మొదలవుతుంది. (పాఠం కెనడాది, యాప్ చేసింది ఇంకెక్కడో, అది దాచుకునే సమాచారం మరో దేశంలో. కదలకూడనిది పిల్ల ఒక్కతే.) మొదటి యూనిట్ మళ్ళీ తెరుచుకునేది వచ్చే విద్యా సంవత్సరంలో. ఈ సబ్జెక్టు గట్టెక్కందే పదకొండో తరగతికి పంపరు. అంటే పిల్లకి ఒక ఏడాది పోయినట్టే.

కల్పన తిన్నగా కృష్ణప్రసాద్ గదికి వెళ్ళింది. ఆయన నిరంతరతా సమన్వయాధికారి. వరంగల్ మనిషి, ఎవర్నీ కసురుకోడు, ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళిస్తాడు. ఆయన్ని తిట్టాలంటే తిట్టడానికి ఏమీ దొరకదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"పిల్ల అన్ని పాఠాలూ చదివింది కృష్ణప్రసాద్ గారూ. నేనే దిద్దాను."

"చదివింది మేడం, కాదంటలేను. కానీ ఎక్కడ చదివింది?"

"వాళ్ళ అవ్వ పోయింది."

"అయ్యో," అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు, మంచినీళ్ళ గ్లాసు ఇంకాస్త ముందుకు జరిపాడు. "వియోగ మినహాయింపు ఉంది మేడం. తల్లిదండ్రులకైతే మూడు రోజులు, అవ్వాతాతలకి ఒకరోజు. అయితే పద్నాలుగు పనిదినాల ముందు అప్లై చేసుకోవాలె."

"చనిపోవడానికి పద్నాలుగు రోజుల ముందా?"

"పనిదినాలు మేడం. శని, ఆదివారాలు లెక్కలోకి రావు."

కల్పనకి కోపం ముంచుకొచ్చింది. ఇలాంటి రూలు మనుషులన్న వాళ్ళు ఎవరైనా రాస్తారా, ఎవరు ఒప్పుకున్నారు దీనికి అని అడిగింది. కృష్ణప్రసాద్ కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు.

"సిబ్బంది అందర్నీ అడిగినం మేడం. మీరూ ఒప్పుకున్నారు. మార్చి పన్నెండు, పొద్దున ఏడు ఇరవై మూడు. పాయా లేబర్ స్టేషన్ దగ్గర."

అది నిజమే. టాంపినీస్ నుంచి జురాంగ్ ఈస్ట్ దాకా దాదాపు గంట ప్రయాణం. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో ఆమె రోజూ కనీసం మూడు దస్తావేజులకి సమ్మతి తెలుపుతుంది. ఏ స్టేషన్ దగ్గర దేనికి ఒప్పుకుందో ఆమెకి గుర్తులేదు. యాప్‌కి గుర్తుంది. ఆ మాటతో ఆమె కోపంలో సగం సిగ్గుగా మారింది, మిగతా సగం పెరిగింది.

ఆ సాయంత్రం యోగేశ్వరన్ స్కూలుకి వచ్చాడు. కార్యానికి గుండు చేయించుకున్న తల, ఆఫీసు చొక్కా.

"టీచరమ్మా, మా అమ్మ పోనాది. పిల్ల పుస్తకం వొగ్గీలేదు. సొంత కళ్ళతో నే సూసినాను," అన్నాడు. "బొలేనా, బొలే కాదా? అదొక్కటే సెప్పండి సాలు."

కుదురుతుందా లేదా అని అడుగుతున్నాడని కల్పనకి తెలుసు. అప్పీలు చేస్తానని చెప్పింది. అది జవాబు కాదని ఇద్దరికీ అర్థమైంది.

శాంతినిని ఈలోగా క్లాసులో కూర్చోనిచ్చారు. విద్యార్థిగా కాదు, అతిథి పరిశీలకురాలిగా. ఆమె పాఠం వినవచ్చు, యాప్ దృష్టిలో మాత్రం అక్కడ ఉండదు. మెడలో ఆకుపచ్చ పట్టీతో ఒక కార్డు వేశారు. సాధారణంగా అలాంటివి కాఫీ యంత్రం బాగుచెయ్యడానికి వచ్చే వాళ్ళకిస్తారు.

అలా ఆమె కూర్చున్న మొదటి రోజే నాలుగో యూనిట్ వచ్చింది. 1914లో కొమగాటా మారు అనే ఓడ మూడువందల డెబ్బై ఆరు మందితో వాంకూవర్ రేవుకి చేరింది. దాదాపు అందరూ పంజాబీలు. కెనడాలో అప్పటికే 1908 నాటి నిబంధన ఒకటి అమల్లో ఉంది. వలస వచ్చేవాళ్ళు తమ దేశంలో బయల్దేరి, ఎక్కడా ఆగకుండా, ఒకే టికెట్ మీద రావాలి. ఇండియా నుంచి అలా ఆగకుండా వచ్చే ఓడలు అప్పట్లో లేవు. నిబంధనలో ఎవర్నీ రావద్దని రాయలేదు, ఎలా రావాలో మాత్రమే రాశారు. ఓడని రెండు నెలలు రేవులో నిలబెట్టి, కొద్దిమందిని దింపుకుని, మిగతా వాళ్ళని వెనక్కి పంపేశారు.

ఆ రోజు పర్యవేక్షణకి కృష్ణప్రసాద్ వెనక బెంచీలో కూర్చున్నాడు. ఉపాధ్యాయ కరదీపిక ప్రకారం ఈ పాఠంలో పిల్లల నుంచి రావలసిన స్పందన "మధ్యస్థ ఆవేదన". కల్పన నిబంధనని బోర్డు మీద రాసింది. రాస్తుండగానే ఆమెకి చెయ్యి ఆగింది. సురేన్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"మిస్, దిస్ ఈజ్ రూల్ నైన్ లా."

పదిహేడు మంది పిల్లలూ మెడలో ఆకుపచ్చ పట్టీ ఉన్న శాంతిని వైపు తిరిగారు. ఆమె తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. కృష్ణప్రసాద్ తన కాగితం మీద "ఆవేదన: మధ్యస్థం కంటే ఎక్కువ" అని రాసుకున్నాడు. కల్పన బోర్డు చెరపలేదు.

స్కూలు కమిటీకి అప్పీలు ఆమె ఆ మధ్యాహ్నమే రాసింది. ఇంతకు మించిన సాక్ష్యం ఎవరు తేగలరు? ఎడమవైపు 1908 నాటి నిబంధన, కుడివైపు మన తొమ్మిదో రూలు. కింద ఒకే వాక్యం రాసింది, "ఈ రెండూ ఒకటే, దయచేసి పోల్చి చూడండి." ఇంతకాలం ఎవరికీ తట్టని ఈ పోలిక చూశాక కమిటీ సిగ్గుతో కుంగిపోతుందని ఆమె నమ్మకం. పంపేముందు ప్రతి అక్షరం చదువుకుంది. రైల్లో కాదు, కుర్చీలో కూర్చుని. శాంతినితో, "కంగారు పడకు, అయిపోతుంది," అని కూడా చెప్పింది. ఆ పిల్ల మొదటిసారి నవ్వి, "థాంక్యూ మిస్," అంది.

తొమ్మిది రోజుల తరవాత జవాబొచ్చింది.

"మీరు కోరిన విధంగా రెండు నిబంధనలనూ పోల్చి చూశాము. స్ఫూర్తిలోనూ పరిధిలోనూ పూర్తిగా సరిపోయినవి. ఏటా జరిగే తనిఖీలో కెనడా సంప్రదాయానికి విధేయత అనే అంశంలో మన పాఠశాలకు గత మూడేళ్ళుగా తక్కువ మార్కులు వస్తున్న సంగతి మీకు తెలిసిందే. మన తొమ్మిదో రూలుకు నూరేళ్ళకు పైబడిన కెనడా మూలాలున్నాయని మీరు కనుగొన్నందుకు కమిటీ హర్షం ప్రకటిస్తున్నది. మీ అప్పీలును ప్రశంసగా మార్చి నమోదు చేయడమైనది. ప్రశంసలపై తదుపరి చర్య ఉండదు."

దానితో పాటు ప్రామాణికతా పురస్కారం ఒకటి వచ్చింది, ఆమె పేరు అచ్చయిన అట్టముక్క. కల్పన దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. తను కష్టపడి తొమ్మిదో రూలుకి ఒక వంశవృక్షం రాసిచ్చింది, అంతే జరిగింది. యోగేశ్వరన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పినప్పుడు అతను అరవలేదు, వాదించలేదు. "మా తాత వొచ్చినప్పుడు కూడా ఇట్టాటి కాయితాలే టీచరమ్మా," అన్నాడు. ఆ మాట వినడం కంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది ఆమెకి.

ప్రిన్సిపాల్‌ని కలవాలంటే సమయం దొరకలేదు. ఆయన క్షమాపణ దినోత్సవం పనుల్లో మునిగి ఉన్నారు.

అది నాలుగో యూనిట్ ముగింపు కార్యక్రమం. కొమగాటా మారు ఘటనకి కెనడా ప్రభుత్వం 2016లో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. దాని గౌరవార్థం ఏటా ఒక విద్యార్థి సొంతంగా క్షమాపణ లేఖ రాసి సభలో చదవాలి. పదో తరగతి అంతా రాశారు. అతిథి పరిశీలకులు రాయకూడదన్న నిబంధన ఎక్కడా లేదు కాబట్టి శాంతిని కూడా రాసింది. పేర్లు దాచి దిద్దారు. మొదటి స్థానం ఆమె లేఖకే వచ్చింది. పేరు బయటపడ్డాక కమిటీ మళ్ళీ కూర్చుంది. చదవడానికి యాత్ర అక్కర్లేదని, నోరుంటే చాలని తీర్మానించింది.

సభ రోజు హాలు నిండిపోయింది. యోగేశ్వరన్ సగం రోజు సెలవు పెట్టి వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. నెత్తి మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. శాంతిని కెనడా తరఫున మైకు ముందు నిలబడింది.

"మీరు ఆగుతూ వచ్చారని మిమ్మల్ని ఆపేశాం," అని ఇంగ్లీషులో చదివింది. "ఎందుకు ఆగారని మేము ఒక్కసారి కూడా అడగలేదు. దారిలో మీ వాళ్ళెవరైనా చనిపోయి ఉండొచ్చు. మీరు రావలసినంత దూరం వచ్చారు. మాకు అది కనిపించింది. అయినా మేము కాగితమే చూశాం. మమ్మల్ని క్షమించండి."

కల్పన కళ్ళు తుడుచుకుంది, దాచుకోవాలనిపించలేదు. ఈత మాస్టారు లేచి నిలబడ్డాడు, ఆయన వెనకే అందరూ లేచారు. ప్రిన్సిపాల్ అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు.

జనం బయటికి కదులుతుంటే కృష్ణప్రసాద్ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ కల్పన దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అందులో నటన లేదు.

"ఎంత బాగా చదివింది మేడం," అన్నాడు. "వచ్చే ఏడు కూడా ఈ అమ్మాయితోనే చదివిద్దాం. ఎట్లాగూ ఇదే క్లాసులో ఉంటది కదా."