గుడ్డ గుమ్మడికాయల గుట్టు

“ఏమండీ, ఫాల్‌కి కుట్టాల్సినవి బోలెడున్నాయి. కాస్త పైనుంచి ఆ పెట్టె దింపండి!” అని బాలత్రిపురసుందరి వంటింట్లోంచి కేకేసింది.

సెప్టెంబరు నెలాఖరు. కెనడాలోని కిచెనర్‌లో ఎండ ఇంకా సెలవు పెట్టని ఉదయం. వీరభద్రం స్టూలెక్కి చీరల పెట్టె దింపాడు. పట్టుచీరలన్నీ సోఫా మీద పరిచి, ఫాల్ కుట్టని చీర ఏదా అని ఒక్కొక్కదాని అంచూ తిరగేసి చూడసాగాడు. గ్వెల్ఫ్‌లో ఓ ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. తిరగేసి చూడకుండా దేన్నీ వదలడు.

సుందరి గరిటె పట్టుకునే వచ్చి, ఆ ప్రదర్శన చూసి నెత్తి కొట్టుకుంది.

“చీరకి వేసే ఫాల్ కాదు మహానుభావా! ఆకులు రాలే ఫాల్! గుమ్మడికాయలు కుట్టాలి. గుడ్డ గుమ్మడికాయలు!”

“ఆకులు రాలే ఫాల్ అని ముందే చెబితే చీపురు దింపేవాణ్ణిగా!” అన్నాడు వీరభద్రం.

సుందరికి నవ్వే తీరిక లేదు. థాంక్స్‌గివింగ్‌కి ముందు కమ్యూనిటీ సెంటర్‌లో జరిగే ఫాల్ ఫెయిర్‌లో తెలుగువాళ్లకి ఏటా ఒక టేబుల్ ఇస్తారు. ఆ టేబుల్ మీద జంతికలూ, ప్లాస్టిక్ మామిడి తోరణమూ, దాని వెనక కుర్చీలో లక్ష్మీకాంతం గారూ ఉండడం ఆనవాయితీ. ఆవిడ వాటర్లూలో పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ “తిను” అంటే తెల్లవాళ్లు కూడా జంతికని మందుబిళ్లలా మింగేసేవారు. ఇన్నేళ్లుగా ఆ టేబుల్ దగ్గర సుందరి ఉద్యోగం పేపరు ప్లేట్లు అందించడం. ఈ ఏడు మోకాళ్ల నొప్పుల వల్ల లక్ష్మీకాంతం గారు కాస్త మెత్తబడ్డారు. సుందరి ధైర్యం చేసి, “నేను చూసుకుంటానండీ, గుడ్డతో గుమ్మడికాయలు కుట్టి పెడతాను. ఇక్కడివాళ్లు ఇంటిముందు పెట్టుకుంటారు” అంది.

“శనివారం మీ ఇంటికొచ్చి చూస్తాను. నచ్చితే టేబుల్ నీది. నచ్చకపోతే జంతికలు” అని ఆవిడ తీర్పు వాయిదా వేశారు.

ఆ వాయిదా తలుచుకుంటే సుందరికి నిద్ర పట్టడం లేదు. ప్లేట్ల నుంచి కుర్చీకి ప్రమోషన్ మరి!

గుడ్డ కొనే పనిమాత్రం లేదు. ఇంకో పెట్టె నిండా జాకెట్ ముక్కలున్నాయి. పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ పసుపు, కుంకుమ, తాంబూలంతో పాటు ఒక జాకెట్ ముక్క చేతిలో పెడతారు. అది ఏ చీరకీ కలవదు, ఏ మనిషికీ చాలదు. అందుకని కత్తెర మొహం చూడకుండానే ఇంకో పేరంటంలో ఇంకొకరి తాంబూలంలోకి వెళ్లిపోతుంది. అందరూ చేసే పనే, ఎవరూ చెప్పుకోని పని. ఇచ్చినవాళ్లకే తిరిగి అంటగట్టకుండా చూసుకోవడమొక్కటే ఈ వ్యవహారంలో ఉన్న నీతి.

సుందరి ముక్కలన్నిటినీ రెండు కట్టలు చేసింది. “ఇదిగో, ఎడమ కట్ట టొరంటో వాళ్లిచ్చినవి. వాళ్లెవరూ ఈ ఫెయిర్‌కి రారు. వీటిని ఇస్త్రీ చేసివ్వండి. కుడి కట్ట ఇక్కడివాళ్లవి, లక్ష్మీకాంతం గారి చేతి మీదుగానో, వాసవి, విద్యల చేతుల మీదుగానో వచ్చినవి. వాటి జోలికి మాత్రం వెళ్లకండి. అర్థమైందా?”

“దీంట్లో అర్థం కానిదేముంది? ఎడమ మంచిది, కుడి చెడ్డది.”

అర్థం కాకపోవడం కాదు, అతిగా అర్థం కావడమే వీరభద్రానికున్న జబ్బు. ఎడమ కట్ట పూర్తయ్యేసరికి ఇస్త్రీ పెట్టె మంచి ఊపు మీద ఉంది. వేడెక్కినదాన్ని చల్లార్చడం వృథా అనిపించి కుడి కట్ట కూడా లాగించేశాడు. అన్నీ ముడతలు పోయి మిలమిల్లాడుతుంటే అతనిలోని క్వాలిటీ ఇంజనీరు నిద్ర లేచాడు. ఊదా నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సు వరసలో పేర్చి రెండు కట్టల్నీ ఒకే కట్ట చేసి, ఎంతో ముచ్చటగా భార్య ముందు పెట్టాడు.

“అన్నీ టొరంటోవేగా?” అంది మిషన్ మీంచి తల ఎత్తకుండా సుందరి.

సరిగ్గా అప్పుడే వీరభద్రం వేలికి ఇస్త్రీ పెట్టె తగిలింది. “ఆఁ!” అన్నాడు. సుందరి దాన్ని జవాబనుకుంది.

తర్వాత పని చకచకా సాగింది. వీరభద్రం తిరగేసి అందించిన ముక్కని గొట్టంలా కుట్టి, ఒక మూతి దారంతో ముడిచి బిగించడం సుందరి వంతు. దాన్ని మంచివైపుకి తిప్పి, బరువుకి అడుగున గుప్పెడు శనగలు పోసి, పైన దూది కూరి, పొడుగు సూదితో నడినెత్తి నుంచి అడుగు దాకా గుచ్చి లాగితే గుమ్మడికాయకి చారలు పడతాయి. ఆ పనీ, పైన తొడిమకి దాల్చినచెక్క గుచ్చే పనీ వీరభద్రానివి. అలా భార్యకి రంగూ జరీ తేలని గుడ్డ లోపలి వైపు, భర్తకి పై వైపు మాత్రమే కనిపిస్తూ వచ్చాయి. చాలా సంసారాలు ఇలాగే సాఫీగా సాగుతాయి.

“శనివారం దాకా నువ్వు చూడకు. ఒకేసారి లాంచ్!” అని వీరభద్రం తయారైనవాటిని బేస్‌మెంట్‌లో దాచాడు.

శనివారం సాయంత్రం హాల్లో మెట్ల మీద వరసగా అమర్చి భార్యని పిలిచాడు. సుందరి మొహం వెలిగింది. మరుక్షణమే పాలిపోయింది.

“ఏమండీ... ఈ ఆవపిండి రంగుది టొరంటోది కాదే! ఆ నెమలికంఠం కూడా... అయ్యో, ఆ చిలకపచ్చ! మీరేం చేశారు?”

“కలర్ కోఆర్డినేషన్” అని వీరభద్రం అంటుండగానే కాలింగ్ బెల్ మోగింది.

ముందు లక్ష్మీకాంతం గారు, వెనక వాసవి, విద్య వచ్చారు. వాసవి వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. విద్య గ్వెల్ఫ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. ముగ్గురూ మెట్ల దగ్గర ఆగిపోయారు.

“వావ్ ఆంటీ! షాపులో పెడితే ఎగబడి కొంటారు!” అంది విద్య.

“బాగున్నాయి సుందరీ. నిజంగానే బాగున్నాయి” అన్నారు లక్ష్మీకాంతం గారు. ఆవిడ నోట ఆ మాట రావడానికి పిల్లలకి పళ్లు రావడం కంటే ఎక్కువ కాలం పడుతుంది. సుందరి గుండెల మీద చెయ్యి వేసుకుంది. లక్ష్మీకాంతం గారు వంగి, ఆవపిండి రంగు గుమ్మడికాయని అందుకున్నారు. కళ్లజోడు సర్దుకున్నారు.

“ఇది గద్వాల్ ముక్క. వాసవి గృహప్రవేశానికి నేను పెట్టింది.”

విద్య చటుక్కున వాసవి వైపు చూసింది.

“అలాంటివి చాలా ఉంటాయాంటీ...” అంది వాసవి.

“ఉంటాయి. కానీ అంచు మీద ఈ పసుపు మరక నా వేలిది. బొట్టు పెడుతూ అంటించుకున్నాను. ఇది సుందరి ఇంటికి ఎలా వచ్చింది?”

వాసవి ఇరుకున పడింది. ఇచ్చిన బహుమతిని ఇంకొకరికి తోసేశానని పెద్దావిడ ముందు ఎలా ఒప్పుకోవడం? “అంటే... ఫెయిర్ కోసమని నేనే సుందరి ఆంటీకి ఇచ్చానాంటీ. డొనేషన్‌లాగా. అంత మంచి ముక్క నలుగురూ చూడాలని!”

సుందరి ఏం చేస్తుంది? తల ఊపింది.

“ఓహో” అన్నారు లక్ష్మీకాంతం గారు.

అక్కడితో వాసవి ఊరుకుంటే కథ అయిపోయేది. కానీ ఆమె కళ్లు నెమలికంఠం రంగు గుమ్మడికాయ మీద పడ్డాయి. “విద్యా! ఇది నీ సీమంతానికి నేనిచ్చింది కదూ?”

విద్య ఎర్రబడింది. అయితే వాసవి అప్పటికే దారి వేసి ఉంచింది. “అవునక్కా. నేను కూడా... ఫెయిర్‌కే ఇచ్చాను.”

“ఆ గులాబీ రంగుది?” అన్నారు లక్ష్మీకాంతం గారు. “నీ పుట్టినరోజుకి నేను పెట్టింది?”

“అదీ ఫెయిర్‌కేనాంటీ!”

లక్ష్మీకాంతం గారు గుమ్మడికాయని మెట్టు మీద పెట్టేశారు. ఆవిడ గొంతు సూదిలా సన్నబడి సూటిగా వచ్చింది.

“అంటే అందరూ కూడబలుక్కుని, గుడ్డలు పోగుచేసి, కమిటీ వేసుకుని, అంతా అయ్యాక నన్ను చూడ్డానికి పిలిచారన్నమాట. నన్నొక్కదాన్నీ ఒక్క ముక్క అడగలేదు. ముసలిదాన్ని తప్పించాలనుకుంటే మొహం మీద చెప్పొచ్చుగా?”

“అయ్యయ్యో, అలా కాదండీ!” అంది సుందరి.

“ఎలా కాదు? ఇది కుట్టుపని అనుకుని వచ్చాను. కుట్ర పని అని తెలీలేదు. టేబుల్ బుకింగ్ నా పేరు మీద ఉంది. రేపే క్యాన్సిల్ చేస్తాను. జంతికలూ వద్దు, గుమ్మడికాయలూ వద్దు!” అని ఆవిడ చెప్పుల కోసం వెతకసాగారు.

సుందరి కళ్లలో నీళ్లు తిరిగాయి. టేబుల్ పోతే పోయింది, పదిహేనేళ్ల స్నేహం కూడా గుమ్మం దిగిపోతోంది. కాఫీ ట్రేతో నిలబడ్డ వీరభద్రానికి ఆ కన్నీళ్లు చూడగానే ఆవేశం వచ్చింది. ఆవేశంలో నిజం చెప్పేశాడు.

“డాక్టరు గారూ, ఆగండి! కమిటీ లేదు, డొనేషనూ లేదు! ఈ గుమ్మడికాయల కోసం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అన్నీ తాంబూలాల్లో వచ్చినవే! ఒకరికి వచ్చింది ఒకరికి ఇచ్చేసుకున్నారంతే!”

కొంగులున్నవాళ్లు కొంగులూ, చున్నీ ఉన్న విద్య చున్నీ, అందరూ ఒకేసారి భుజాల మీద సర్దుకున్నారు.

లక్ష్మీకాంతం గారు ఒక కాలికి చెప్పుతో అలాగే ఆగిపోయారు. “అయితే నన్ను తప్పించలేదా?”

“మిమ్మల్ని తప్పించే ధైర్యం మాకెక్కడిదాంటీ!” అంది వాసవి.

ఆవిడ మొహం తేటపడింది. ఒక్క క్షణమే. “అంటే, నేను ప్రేమగా ఇచ్చినవన్నీ మీరు అలా తోసేశారన్నమాట! నేనెప్పుడైనా అలా చేశానా?”

వాసవి, విద్య నేల చూశారు. సుందరి మాత్రం నేల చూడలేదు. పదిహేనేళ్లు ప్లేట్లు అందించిన చేత్తో చిలకపచ్చ గుమ్మడికాయని అందుకుని మెల్లగా ఆవిడ ముందు పెట్టింది.

“లక్ష్మీకాంతం గారూ, ఇది మీరు నాకు రెండుసార్లు ఇచ్చారండీ.”

“రెండుసార్లా? ఒకే రంగువి రెండు కొని ఉంటాను.”

“మొదటిసారి ఇచ్చినప్పుడు మ్యాచింగ్ దారం కోసమని నేనే మూల కాస్త కత్తిరించాను. దొరక్క విద్యకి పెట్టేశాను. పోయినేడు మీ ఇంట్లో తాంబూలంలో మళ్లీ ఇదే వచ్చింది. మూల లేకుండా.”

“నేను వాసవక్కకి ఇచ్చాను” అంది విద్య నెమ్మదిగా.

“నేను... మీకేనాంటీ” అంది వాసవి ఇంకా నెమ్మదిగా.

అందరూ లక్ష్మీకాంతం గారి వైపు చూశారు. కిచెనర్, గ్వెల్ఫ్, వాటర్లూ చుట్టి వచ్చిన చిలకపచ్చ ముక్క కూడా చూస్తున్నట్టే ఉంది. ఆవిడ పెదాలు బిగించారు. బిగింపు నిలవలేదు. ముందు బుగ్గలు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఆవిడ మెట్టు మీద కూలబడి కళ్లజోడు తీసి నవ్వడం మొదలుపెట్టారు.

“దరిద్రపు చిలకపచ్చ! వదిలిందనుకున్నానే!”

ఆ నవ్వులో సుందరి భర్త వైపు తిరిగి, “టొరంటోవేనా అంటే ‘ఆఁ’ అన్నారుగా?” అంది.

“అది జవాబు కాదు, బాధ” అని వీరభద్రం వేలు చూపించాడు.

“వేలు కాలితే కాలింది, పని మంచిదే చేశావు వీరభద్రం” అన్నారు లక్ష్మీకాంతం గారు కళ్లు తుడుచుకుంటూ. “సుందరీ, టేబుల్ నీది. రేపు మా ఇంటికి వచ్చి రెండు పెట్టెలు పట్టుకుపో.”

“మా ఇంట్లో ఒక పెట్టె ఉందాంటీ” అంది వాసవి.

“నాది చిన్నదే... అంటే, మీడియం” అంది విద్య.

ఫెయిర్ రోజున టేబుల్ వెనక కుర్చీలో సుందరి కూర్చుంది. పక్కన లక్ష్మీకాంతం గారు ప్లేట్లు లేకపోయినా ఏదో ఒకటి అందిస్తూ కూర్చున్నారు. గుమ్మడికాయలు చూసి జనం మూగారు. పక్కింటి మార్గరెట్ ఒకదాన్ని నిమిరి, ఇంత అందమైన గుడ్డలు ఏ షాపులో దొరుకుతాయని అడిగింది. సుందరి దాచలేదు. తాంబూలమంటే ఏమిటో, ఎనభై సెంటీమీటర్ల ముక్క ఎందుకు ఎవరికీ పనికిరాదో, అది ఇంటింటికీ ఎలా తిరుగుతుందో, ‘ఆఁ’ అనే ఒక్క అక్షరం మూలంగా ఊరందరి గుట్టూ ఎలా బయటపడిందో చుట్టూ చేరినవాళ్లందరికీ ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పింది. వాసవి, విద్య కూడా పక్కనుంచి తలా ఒక చెయ్యి వేశారు.

మార్గరెట్ పకపకా నవ్వి, తమ ఇళ్లలో క్రిస్మస్‌కి ఫ్రూట్ కేకు అచ్చం ఇలాగే తిరుగుతుందనీ, దాన్ని తిన్నవాళ్లని తను ఇంతవరకూ చూడలేదనీ చెప్పింది.

డిసెంబరులో మార్గరెట్ ఎంతో ఆప్యాయంగా సుందరికి ఒక ఫ్రూట్ కేకు ఇచ్చింది. ఫిబ్రవరిలో లక్ష్మీకాంతం గారింటి పేరంటంలో సుందరికి తాంబూలంతో పాటు అదే కేకు వచ్చింది.